నీళ్ళలో నడిచిన కట్టె

మా అత్తమ్మ పోయిందన్న కబురు దేవరకొండ బస్సు కండక్టరు తెచ్చాడు. సాగర్ కాలనీలో మా క్వార్టరు ముందు నిలబడి, ఎట్లా చెప్పాలో తోచక చేతిలోని టికెట్ల కట్ట నలిపాడు. "అక్కా, మీ ఊరోళ్ళు చెప్పుమన్నరు. వడ్ల అవ్వ ఇయ్యాల పొద్దున లేవలేదంట" అన్నాడు. లేవలేదంట అన్న మాట నాకు వెంటనే అర్థం కాలేదు. నేనెరిగిన పద్నాలుగేళ్ళలో కోడి కూయకముందే లేవని రోజు ఆమెకు లేదు.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఇంటి ముందు గోడవారగా బెస్తవాడ ఆడవాళ్ళు ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. కొందరు చంటిపిల్లలతో వచ్చారు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. కల్వకుర్తి నుంచి వచ్చిన మా చుట్టాలావిడ నా చెవిలో, "నీసు ముట్టని ఇల్లు ఇది. పీనుగ లేసే యాళ్ళకు చాపలు పట్టేటోళ్ళకు ఈడ ఏం పని?" అంది. నేను లోపలికి వెళ్ళిపోయాను. స్నానం చేయించేటప్పుడు అత్తమ్మ కుడిచేతి వేళ్ళకు అంటుకున్న గుగ్గిలం మరక ఎంత రుద్దినా పోలేదు. కుంకుడు రసం తెమ్మన్నారెవరో. ఉండనీయండి అన్నాను. చుట్టాలావిడ అడిగిన మాటకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మా మామయ్య ఆ ఊరి వడ్రంగి, ఊరివాళ్ళ మాటలో వడ్లాయన. నాగలి, గుంటక, బండి చక్రం, పెళ్ళి పీట, ఏది కావాలన్నా జనం ఆయన ముంగిట్లోకే వచ్చేవారు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం దక్కింది. సాగర్ డ్యాం పనులు మొదలైన తొలి రోజులవి. మా ఆయన అక్కడ సెంట్రింగ్ చెక్కల పనికి పోయాడు. ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం. మామయ్య పనిముట్లు గోనెసంచిలో అటకెక్కాయి. వారానికొకసారి అత్తమ్మ ఆ సంచి దింపి, ఒక్కొక్క ఉలినీ, బాడిశనూ తుడిచి, ఆముదం రాసి, మళ్ళీ పైన పెట్టేది.

"వాడని ఉలికి నూనె ఎందుకత్తమ్మా?" అని అడిగాను ఒకసారి.

"వాడేదానికి తుప్పెందుకు పడ్తది బిడ్డా? వాడనిదానికే గద ఫికర్ చెయ్యాలె" అంది.

ఆమె మాటలు ఎప్పుడూ ఇంతే ఉండేవి. చెప్పి తన పనిలో పడేది. విన్నవాళ్ళం మాత్రం రోజంతా నెమరేసుకునేవాళ్ళం.

ఒక ఎండాకాలం సాయంత్రం డిండి చెరువు బంగళా నుంచి ఇంజినీరు సాబు జీపులో వచ్చాడు. కాలువల మరమ్మతు చూడడానికి కొత్తగా వచ్చిన మనిషి. గాలం వేయడమంటే ఆయనకు పిచ్చి అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. రుమాలు విప్పి అందులోంచి ఒక కట్టె చేప తీసి మామయ్య మంచం మీద పెట్టాడు. జానెడు కన్నా చిన్నది. ఎరవేసినట్టు చూపించి పెద్ద చేపను పట్టడానికి చేసిన బొమ్మ అది. ఏదో చేప కొరికిన కొరుకుకు తలకాయ నిలువునా చీలింది. దారంతో కట్టి తెచ్చాడు.

"మిస్త్రీ, గిది విలాయతి మాల్. పట్నంల ఎంత తిరిగినా దీని జోడీ దొరకలే. నువ్వు చేస్తవని చెప్పిన్రు" అన్నాడు.

మామయ్య ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి చూపించి, మళ్ళీ వదిలేశాడు. అది మంచం పట్టె మీద పడి చప్పుడు చేసింది. "సాబ్, గీ చెయ్యి గిట్లున్నది" అన్నాడు. ఇంజినీరు సాబు తల వంచుకున్నాడు. నేనూ అత్తమ్మా తలుపు వెనక ఉన్నాం.

"గా బొమ్మను జర ఇటియ్యమను" అంది అత్తమ్మ. పరాయి మగవాడితో ఆమె ఎదురుగా మాట్లాడదు. భర్తతోనే అంటుంది. వినవలసినవాళ్ళు వింటారు.

మామయ్య వెనక్కి చూడకుండానే బొమ్మను తలుపు సందులోంచి అందించాడు. అత్తమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. చీలిన చోట గోటితో గీరింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "మన పొనికి అసుంటి కట్టెనే. అమ్రాబాద్ అడివిల దొరుకుతది. నెల ఆగుమను" అంది.

ఇంజినీరు సాబు తలుపు వైపు చూశాడు. మామయ్యా చూశాడు. ముప్పై యేళ్ళుగా ఆయనకు ఉలి అందించిన చెయ్యి అది. కానీ ఒక్కనాడూ కట్టె మీద పెట్టిన చెయ్యి కాదు.

రెండు రోజులకే మామయ్య అన్న గారు వచ్చి ముంగిట్లో నిలబడ్డారు. "ఆడమనిషి ఉలి పడ్తదా? కులంల తలెట్ల ఎత్తుకోవాలెరా?" అని గట్టిగా అడిగారు. లోపల అత్తమ్మ చేస్తున్న పని ఆపింది. మామయ్య నెమ్మదిగా, "ఉలికి ఆడా మగా తెల్వదన్నా, చెయ్యి ఒక్కటే తెలుస్తది. ఇంట్ల ఒక చెయ్యి పడిపాయె. ఇంకొకటి మంచిగున్నది. దాన్నిగూడ కట్టేయమంటవా?" అన్నాడు. అన్న గారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటి గడప తొక్కలేదు.

అడవి నుంచి తేనె తెచ్చి అమ్మే ఒకాయన బొమ్మలు చెక్కే తేలికపాటి పొనికి కట్టె తెచ్చి ఇచ్చాడు. అత్తమ్మ మొదటి చేపను నాలుగు రోజుల్లో చెక్కింది. విలాయతి బొమ్మను పక్కన పెట్టుకుని, దారంతో కొలుచుకుంటూ, నూలుపోగంత తేడా లేకుండా చెక్కింది. రెంటినీ పక్కపక్కన పెడితే, రంగూ తలకాయ చీలికా తప్ప ఇంకే తేడా నాకు కనబడలేదు. దానికి దారం కట్టి, నీళ్ళ గోలెంలో వేసి లాగింది. అది చచ్చిన చేపలాగా వెల్లకిలా తిరిగింది. రెండోది చేసింది. అదీ అంతే. మూడోది పక్కకు ఒరిగింది. అత్తమ్మ దాన్ని బయటికి తీసి కొంగుతో తుడిచింది.

"ముఖమైతే వచ్చింది బిడ్డా. నడక రాలె" అంది.

మర్నాటి నుంచి మేమిద్దరం కట్టెపుల్లల కోసమని చెప్పి చెరువుకు పోవడం మొదలుపెట్టాం. కోసు దూరం నడక. ఒడ్డున నీళ్ళలోకి దిగే ఒక చదును బండ ఉండేది. యాభై యేళ్ళ మనిషి, నెత్తి మీద కొంగు జారనివ్వని మనిషి, ఆ బండ మీద బోర్లా పడుకుని ముఖం నీళ్ళకు ఆనించేంత దగ్గర పెట్టి చూస్తూ ఉండేది. ఎవరైనా వస్తారేమోనని నేను కాపలా. మడమల దాకా ఎండ కాల్చినా కదిలేది కాదు. బండ కింద పరక చేపపిల్లలు గుంపులుగా తిరిగేవి. ఆరో రోజో ఏడో రోజో ఆమె లేచి కూర్చుని, ముఖం మీద నీళ్ళు కూడా తుడుచుకోకుండా నా చెయ్యి పట్టుకుంది.

"తోక కొట్టుకొని పోతదనుకున్న ఇన్నొద్దులు. గట్ల కాదు. తలకాయ ముందుగాల నీల్లను తోస్తది. నీల్లు తిరిగి తలకాయను తోస్తయి. తోక ఉత్తగ దాని మాట ఇంటది. ఇంకోటి, అది నిలవడ్డప్పుడు చూసినవా? బరువంత కడుపుల ఉంటది, మన లెక్కనే."

నేను చేపలను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అప్పుడు మాత్రం ఒక్కటి కూడా చూడలేదని తెలిసింది.

ఇంటికి వచ్చి కట్టె చేప కడుపులో బొర్రె తొలిచి, కరిగించిన సీసం చుక్క పోసింది. గాసునూనె డబ్బా మూత కత్తిరించి, నాలుక లాంటి చిన్న రేకు చేసి, గదవ కింద వాలుగా దిగ్గొట్టింది. ఆ వాలు కుదరడానికే ఎన్ని రేకులు వంచి పారేసిందో లెక్కలేదు. గోలెం నీళ్ళు చాలవని, ఊరి పక్క మోటబావి దగ్గరికి తీసుకుపోయింది. ఎద్దులు మోట లాగుతుంటే కాలువలో నీళ్ళు వడిగా పారుతున్నాయి. చేపకు దారం కట్టి కాలువలో వదిలి, దారం కొస వేలికి చుట్టుకుని కూర్చుంది.

అది బతికింది. ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియదు. పారే నీటికి ఎదురుగా నిలబడి, తల అటూ ఇటూ సన్నగా ఊపుతూ, ఒళ్ళంతా వణికిస్తూ, కాసేపు కిందికి మునిగి మళ్ళీ పైకి తేలుతూ ఈదింది. అప్పటికి దానికి రంగు లేదు, కన్ను లేదు. తెల్లని కట్టె. ఎద్దులు తోలే ఆయన అదాటున చూసి, "అరె, చాప!" అంటూ తాడు వదిలేసి కాలువలోకి దూకాడు. రెండు చేతులా ఒడిసి పట్టి పైకెత్తి చూశాక, నోరు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"కట్టె!" అన్నాడు. "అమ్మా, గిది కట్టె!"

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అంతగా నవ్వగా నేను చూడడం అదే మొదలు.

ఇక నునుపు పని. ఆమె అసలు ఓర్పు నేను చూసింది అక్కడే. బరివెంక ఆకు గరుకుగా ఉంటుంది. దానితో ఒక పూటంతా రుద్దేది. చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూసి, ఆరాక మళ్ళీ రుద్దేది. ఇంజినీరు సాబు పారేసిన సిగరెట్టు పెట్టెల్లోని తగరపు కాగితం పొట్టకు అంటించేది. వీపుకు దీపం మసి. బంగళా వంటాయన ఇచ్చిన చిరిగిన దోమతెర ముక్కను ఒంటికి చుట్టి, పైనుంచి రంగు అద్ది, తెర తీసేస్తే పొలుసులు పొలుసులుగా పడేది. కంటికి గురిగింజ. ఎర్రటి గింజకు నల్లటి చుక్క దేవుడే పెట్టాడు, మనం పెట్టే పని లేదు అనేది. అన్నిటి మీదా అవిసె నూనెలో కాచిన గుగ్గిలం, ఏడు పూతలు. ఒక పూత ఆరనిదే ఇంకొకటి వేయదు. ఎండలో పెడితే ఒక్కరోజులో అయిపోతుంది కదా అని నేను తొందరపడ్డాను.

"ఎండకు ఆరింది ఎండకే పగుల్తది బిడ్డా. నీడకు ఆరింది నీల్లకు నిలుస్తది" అంది.

పూతలు ఆరే రోజుల్లో ఆ గదిలో దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చిలకరించేది. మమ్మల్ని కూడా మెల్లగా నడవమనేది. పురిటి గదిలాగా ఉండేది ఇల్లు.

ఇంజినీరు సాబు వచ్చి చేపను చేతిలోకి తీసుకున్నాడు. గదవ కింది రేకును చూసి, తిప్పి, మళ్ళీ చూశాడు.

"మిస్త్రీ, నా దానికి గీ రేకు ఉండె. విరిగి నీల్లల్ల పడిపాయె. గా సంగతి నేను మీకు చెప్పనే లేదు గదా!"

మామయ్య తలుపు వైపు చూశాడు. తలుపు వెనక నుంచి, "మాకు చాపలు చెప్పినయని చెప్పు" అంది అత్తమ్మ.

చెరువులో పడిపోయిన ముక్కను ఆమె చేపలను చూసి తిరిగి కనుక్కుంది. ఆ రోజు నుంచీ ఇప్పటి దాకా నాకు ఆ ఆశ్చర్యం తీరలేదు. చదువు రాని మనిషి. నీళ్ళలో మోకాలి లోతు దాటి దిగి ఎరగని మనిషి. చేప రుచి ఏమిటో తెలియని మనిషి.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే జీపు మళ్ళీ వచ్చింది. ఇంజినీరు సాబు సంతోషంలో ఒళ్ళు మరిచాడు. మాది నీసు ముట్టని ఇల్లన్న సంగతి కూడా మరిచి, మనిషి చెయ్యంత పొడుగు వాలుగ చేపను తెచ్చి గడప ముందు పెట్టాడు. "చూడు మిస్త్రీ, మొదటి ఏటుకే!" అన్నాడు. మామయ్య "సాబ్, సాబ్" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే అత్తమ్మ బయటికి వచ్చేసింది.

చేప ఇంకా బతికే ఉంది. దవడలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. వాటి మధ్య అత్తమ్మ చేసిన చేప. గురిగింజ కన్ను మెరుస్తోంది. దానికి సాబు తగిలించిన గాలపు కొండి ఒకటి వాలుగ కంటి పక్కనుంచి బయటికి వచ్చి ఉంది. కట్టె చేప కన్నూ వాలుగ కన్నూ పక్కపక్కనే ఉన్నాయి. అత్తమ్మ కూర్చుని, పట్టుకారుతో కొండి తీయబోయింది. రెండుసార్లు పట్టు జారింది. మూడోసారికి వచ్చింది. ముప్పై యేళ్ళలో మొదటిసారి పరాయి మగవాడి ముఖం సూటిగా చూసి, "నీల్లల్ల ఇడువు సాబ్" అంది. ఇంజినీరు సాబు మారు మాట్లాడకుండా చేపను తడి గోనెలో చుట్టుకుని జీపెక్కాడు. దారిలోనే అది చనిపోయిందని తర్వాత తెలిసింది.

ఆ రోజు అత్తమ్మ అన్నం ముట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని నాతో అంది.

"బొమ్మ చేస్తున్న అనుకున్న బిడ్డా. బొంకు చేసిన."

పనిముట్లు మళ్ళీ అటకెక్కాయి. ఇంజినీరు సాబు ఇంకో రెండు కావాలని మనిషిని పంపితే లేవని చెప్పించింది. కొన్ని నెలలు అలా గడిచాయి. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. చెరువు కుంచించుకుపోయి కట్ట వైపు లోతుల్లోకి చేరింది. అక్కడంతా బండలు, మోడులు. వలలు వేస్తే చిరుగుతున్నాయి. బెస్తవాడలో పొయ్యి వెలగని ఇళ్ళు ఉన్నాయని వింటున్నాం.

ఒకనాడు బెస్తవాడ నుంచి ఒకామె వచ్చి ముంగిట్లో నిలబడింది. ముప్పై యేళ్ళుంటాయి. ఆమె పెనిమిటి వల విడిపించడానికి మోడు ఎక్కి, జారిపడి, నడుము విరిగి మంచాన ఉన్నాడు. చంకలో బిడ్డ, వెనక ఇంకో ఇద్దరు.

"పెద్దమ్మా, ఇంజినీరు సాబుకు ఇచ్చినవంట గద, కట్టె చాప. అసుంటిది ఒక్కటి నాకిస్తవా? కట్ట మీద నిలవడి ఇసిరి గుంజుకుంట."

"గది మోసం బిడ్డా" అంది అత్తమ్మ. "ఆకలిగొన్న జీవికి తిండి అని చూపెట్టి పానం తీసుడు. నాతోని కాదు."

ఆమె కోప్పడలేదు, ఏడవలేదు. బిడ్డను చంక మార్చుకుని నిదానంగా అంది. "కొర్రమట్టను పట్టాలంటే మేం ఏం చేస్తమో తెల్సా పెద్దమ్మా? బతికున్న కప్పను పట్టుకొని కొండికి గుచ్చుతం. చచ్చిన కప్పను అది ముట్టది. అందుకని పానం పోకుండ గుచ్చుతం. నీల్లల్ల ఏసినంక గూడ కాళ్ళు కొట్టుకుంటనే ఉంటది. పొద్దుందాక కొట్టుకుంటది. నీ కట్టెకు పానం లేదు గద. ఒక్క పానమన్న తక్కువ పోతది."

అత్తమ్మ ఆమె చంకలోని బిడ్డను చూసింది, వెనకున్న ఇద్దరినీ చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "పిల్లలకు బువ్వ పెట్టు" అని లోపలికి పోయింది. అటక మీద సంచి దించిన చప్పుడు వినిపించింది. మంచంలో మామయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నాడో నాకు వినపడలేదు.

ఈసారి చేప కాదు, కప్ప. పొట్టిగా, వీపు మీద పసరు మచ్చలు, వెనక రెండు మేకవెంట్రుకల కుచ్చులు కాళ్ళుగా. నీటి పైనే తేలుతూ గుంజితే గెంతేటట్టు చేసింది. నీళ్ళకు చివకకుండా తంగేడు చెక్కలో ఉడికించిన నూలు తాడు బెస్తామె తెచ్చుకుంది. ఇచ్చేముందు అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాట. కొర్రమట్ట పిల్లల్ని ఏసుకొని తిరుగుతది గద నీల్ల మీద, ఎర్రగ ముద్ద లెక్క. అప్పుడు తల్లీ తండ్రీ రెండూ కావలుంటయి. ఏది కనవడ్డా మీద పడ్తయి. ఆకలై కాదు, పిల్లల కోసం. గప్పుడు నా కప్పను నీల్లల్ల ఎయ్యొద్దు. తల్లి పోతే గా ముద్దంత పాయె. నీ పిల్లల మీద ఒట్టు పెట్టు."

బండ మీద బోర్లా పడుకున్న రోజుల్లో ఆమె అది కూడా చూసిందన్నమాట. నాకు చెప్పలేదు. బెస్తామె చంకలో బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. మర్నాడు సాయంత్రం గడప బయటే నిలబడి, "మూడు దొరికినయి పెద్దమ్మా" అని చెప్పి పోయింది.

ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు వచ్చారు. అందరికీ చేసింది. అందరి చేతా ఒట్టు వేయించుకుంది. ఇంజినీరు సాబు మళ్ళీ వచ్చినప్పుడు ఆయనకూ అదే షరతు. ఆయన మొదట నవ్వాడు. తలుపు వెనక ఎవరూ నవ్వడం లేదని గ్రహించి, టోపీ తీసి, "కసమ్" అన్నాడు.

ఒకే ఒక్కసారి ఒట్టు తప్పింది. వానాకాలం మొదట్లో, ఒకాయన పిల్లల ముద్ద మీదికి కప్పను విసిరి జంట కొర్రమట్టలను పట్టాడని తెలిసింది. అత్తమ్మ కోసు దూరం నడిచి, చెరువు ఒడ్డునే ఉన్న అతని ఇంటి గుమ్మం ముందు కూర్చుంది. నేను వెంట ఉన్నాను. తిట్టలేదు, ఎవరినీ పిలవలేదు. లోపలి నుంచి అతను చూస్తున్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఈమె నీళ్ళ వైపు చూస్తోంది. చివరికి అతను కప్పను తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, "తప్పైంది పెద్దమ్మా" అన్నాడు. ఆమె దాన్ని కొంగున కట్టుకుని లేచింది. ఏడాది తర్వాత అతనికే మళ్ళీ కొత్తది చేసి ఇచ్చింది. పాతది ఎందుకివ్వలేదని అడిగితే, "దానికి తప్పు చేసుడు అలవాటయ్యింది" అంది. ఆ మాటకు నేను నవ్వాను గానీ, ఆమె నవ్వలేదు.

మామయ్య పోయిన ఏడే మా ఆయనకు సాగర్‌లో క్వార్టరు ఇచ్చారు. రమ్మని ఎంత బతిమాలినా అత్తమ్మ రాలేదు. "ఆడ నీల్లు పెద్దగయితున్నయంట గద. చిన్న నీల్లే నాకింక సమజ్ కాలె" అంది. బెస్తవాడ ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి ఆమెకు నీళ్ళు తెచ్చి పోసేవారు. కానీ మా ఇంటి నియమం ఎరిగి ఒక్కరోజు కూడా గడప దాటి లోపలికి రాలేదు. రమ్మని అత్తమ్మ పిలిచినా రాలేదు. అందుకే మొన్న కూడా గోడవారనే కూర్చున్నారు. కల్వకుర్తి చుట్టాలావిడకు తెలియని సంగతి ఇది.

పోయిన వానాకాలం నేను ఊరికి వెళ్ళినప్పుడు చెరువు నిండి అలుగు పారుతోంది. ఎన్నో ఏళ్ళకు అంత నీరు. అత్తమ్మకు అప్పటికి చూపు మందగించింది, వేళ్ళు వంకరపోయాయి. "నన్ను ఒక్కపాలి తోల్కపో" అంది. చెయ్యి పట్టుకుని నడిపించాను. అలుగు కింద బండల మధ్య తెల్లటి నురగ. ఆ హోరుకు మాట వినపడదు. ఆ నురగలోంచి చేపలు ఎదురెక్కుతున్నాయి. పదులు కాదు, వందలు. చిన్నవీ పెద్దవీ, ఎగిరి, గోడకు తగిలి, కింద పడి, మళ్ళీ ఎగిరి. ఎండకు వాటి పొట్టలు మెరిసి ఆరిపోతున్నాయి.

అత్తమ్మ నా చెయ్యి వదిలేసింది. కుచ్చిళ్ళు ఎత్తుకోకుండానే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగి, కొంచెం ముందుకు వంగి, రెండు అరచేతులూ నీళ్ళలో పెట్టింది. చేపలు ఆమె పిక్కలకు తగులుతూ, ఆమె వేళ్ళ మధ్య నుంచి జారుతూ పోతున్నాయి. నెత్తి మీది కొంగు జారిపోయింది. సర్దుకోలేదు. భయం వేసి నేను ఒడ్డు నుంచి రెండుసార్లు పిలిచాను. నా గొంతు ఆ హోరులో కలిసిపోయింది. తెల్లబడిన ఆమె జుట్టు మీద తుంపర పడుతూనే ఉంది. చేతులు నీళ్ళలోనే ఉంచి, తల కొద్దిగా పక్కకు వంచి, ఆమె అట్లాగే నిలబడి ఉంది.